మానసిక వైద్యశాలలో పది రోజుల మజిలీ

తెలంగాణ ఇళ్ళలో ‘ఎర్రగడ్డ’ అన్న మాట హైదరాబాదులోని ఒక పేట పేరుగా వినబడదు. అల్లరి పిల్లవాడిని బెదిరించడానికి, మాట వినని తమ్ముణ్ణి ఎగతాళి చేయడానికి, కోపంలో భార్యను కించపరచడానికి ఆ పేరును వాడుతుంటాము. ఉత్తరాంధ్రలో విశాఖపట్నం ఆసుపత్రికీ ఇదే గతి పట్టింది. రెండూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు. రోగులు అక్కడ చేరుతున్నారు, చికిత్స పొందుతున్నారు, ఎందరో కొద్ది రోజులకో కొన్ని వారాలకో ఇంటికి తిరిగివస్తున్నారు. అయినా మన నోట ఆ పేర్లు తిట్లుగానే ఉండిపోయాయి. తిట్టుగా మారిన చోటికి వెళ్ళి వచ్చిన మనిషి, అక్కడ తనకేమి జరిగిందో ఎవరితో చెప్పుకోగలడు?

గుండె ఆపరేషన్ చేయించుకొని వచ్చినవారి మంచం చుట్టూ బంధువులు చేరతారు. ఎన్ని కుట్లు పడ్డాయి, డాక్టరు ఎలాంటివాడు, ఎంత ఖర్చయింది అని ఆరా తీస్తారు. మానసిక వైద్యశాలలో పది రోజులుండి వచ్చినవారిని ఎవరూ ఏమీ అడగరు. అడగకపోవడమే మర్యాద అనుకుంటారు. ఇరుగుపొరుగుకు ‘ఖాలా ఇంటికి వెళ్ళింది’ అని చెబుతారు. ఆ పది రోజులు ఇంటి చరిత్రలోంచే కొట్టివేయబడతాయి. వాటిని అనుభవించిన మనిషికి మాత్రం అవి జీవితాంతం గుర్తుంటాయి. అక్కడ ఉండి వచ్చిన కొందరు సోదర సోదరీమణులు, వారి వెంట ఉన్న కుటుంబ సభ్యులు మాతో పంచుకున్న విషయాల ఆధారంగా ఈ వ్యాసం వ్రాస్తున్నాము. ఎవరి పేరూ, ఏ ఆసుపత్రి పేరూ చెప్పబోము. వారు కోరింది అదే.

అబద్ధంతో మొదలయ్యే ప్రయాణం

మేము విన్నవారిలో చాలామంది జ్ఞాపకాలు ఆసుపత్రి గదితో మొదలు కావు, ఆటోతోనో కారుతోనో మొదలవుతాయి. ‘పెళ్ళికి వెళుతున్నాం, తయారవు’ అన్నారు. ‘అబ్బాకు బీపీ చూపించాలి, తోడు రా’ అన్నారు. గేటు ముందు బండి ఆగిన తరువాత గానీ సంగతి తెలియలేదు. ఒక సోదరుడు మాతో ఇలా అన్నాడు: “ఇంజెక్షన్ ఇచ్చిన డాక్టరు మీద నాకు ఆ రోజే కోపం పోయింది. చెల్లెలికి సంబంధం చూడ్డానికి వెళ్దాం రమ్మని తీసుకువచ్చిన భాయీజాన్ మీద కోపం పోవడానికి ఏడాది పట్టింది.”

ఇంటివారి నిస్సహాయతను మేము తక్కువ చేయడం లేదు. కొన్ని మనోవ్యాధుల్లో తాను జబ్బుపడ్డానన్న ఎరుకనే జబ్బు హరించివేస్తుంది. రాత్రంతా గోడతో మాట్లాడే కొడుకును, తనకు విషం పెడుతున్నారని కంచం విసిరికొట్టే కోడలిని, ‘డాక్టరు వద్దకు పోదాం’ అని ఒప్పించడం అంత సులువు కాదు. అయినా ఒక దారి ఉంది. అతనికి వినిపించే గొంతులు నిజమా కాదా అని వాదించడం మాని, అతను కూడా కాదనలేని మాటతో మొదలుపెట్టవచ్చు. ‘నీకు వారం రోజులుగా నిద్ర లేదు. సరిగా తినడం లేదు. మాకు భయంగా ఉంది. నిద్ర పట్టడానికి ఏదైనా ఇస్తారేమో డాక్టరును అడుగుదాం.’ ఇందులో అబద్ధం లేదు. ప్రతిసారీ ఫలించకపోవచ్చు. ఫలించిన ఇళ్ళలో మాత్రం రోగి లోపలికి తన కాళ్ళతో నడిచి వెళ్ళాడు. ఆ తేడా తరువాతి రోజులన్నింటిలో కనబడుతుంది.

ఈ ప్రయాణం చాలా ఆలస్యంగా మొదలవుతోందన్నది మరో బాధాకరమైన విషయం. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, చికిత్స అవసరమైనవారిలో, జబ్బును బట్టి, 70 నుండి 92 శాతం మందికి అది అందడం లేదు. మన ఇళ్ళలో ఈ ఆలస్యానికి ఒక ప్రత్యేక రూపం ఉంది. మొదట నజర్ తగిలిందంటారు. తరువాత అసర్ అంటారు. ఒక ఆమిల్ నుండి మరో ఆమిల్ వద్దకు, ఒక దర్గా నుండి మరో దర్గాకు తిరుగుతూ నెలలు, కొన్ని చోట్ల సంవత్సరాలు గడిచిపోతాయి. దుఆ చేయడం, చేయించడం విశ్వాసి స్వభావం. దాన్ని ఎవరూ కాదనరు. దుఆ పేరుతో మందు మాన్పించడం, కొట్టడం, గొలుసుతో కట్టివేయడం మాత్రం ధర్మం కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపంలో ప్రైవేటు వ్యక్తులు నడిపే ఒక ఆశ్రయంలో నిప్పంటుకుంటే 28 మంది మనోరోగులు మరణించారు. వారిని గొలుసులతో కట్టి ఉంచారు. మంటలు వచ్చినప్పుడు పరుగెత్తలేకపోయారు. వారిని అక్కడ వదిలి వెళ్ళింది శత్రువులు కారు, నయమవుతుందని ఆశపడిన కుటుంబాలే. నేటి చట్టం మనోరోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది.

గేటు లోపల

ఒకసారి లోపలికి వెళితే ఇక బయటికి రానివ్వరన్నది రోగి మొదటి భయం. సినిమాలు ఈ భయాన్ని పెంచి పోషించాయి. 2018 మే నుండి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ప్రకారం, తన చికిత్స గురించి తాను నిర్ణయించుకోగల వ్యక్తి తానే సంతకం చేసి చేరవచ్చు, తానే కోరి బయటికి రావచ్చు. అతని పరిస్థితి ప్రమాదకరంగా ఉందని వైద్యుడు భావిస్తే మళ్ళీ పరీక్షించడానికి 24 గంటల వరకు ఆపవచ్చు. అంతకుమించి ఆపాలంటే చట్టం చెప్పిన మరో పద్ధతిని పాటించాలి.

నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్నవారిని రోగి ప్రతినిధి దరఖాస్తుపై చేర్చుకుంటారు. అప్పుడు కూడా ఇంటివారి సంతకం ఒక్కటే చాలదు. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు మానసిక వైద్యుడై ఉండాలి. ఈ విధంగా చేర్చుకున్నవారిని 30 రోజులకు మించి ఉంచాలంటే మళ్ళీ కొత్తగా పరీక్షలు, అనుమతులు కావాలి. స్త్రీలను, మైనర్లను చేర్చుకుంటే మూడు రోజుల్లో, ఇతరులనైతే ఏడు రోజుల్లో సమీక్షా బోర్డుకు తెలియజేయాలి. ఆస్తి తగాదాలోనో, తలాక్ గొడవలోనో భార్యకు ‘పిచ్చి’ ముద్ర వేసి లోపల పడవేయాలనుకునేవారు ఈ మాటలను రెండుసార్లు చదవాలని కోరుతున్నాము.

అడ్మిషన్ కాగితాలు పూర్తయ్యాక సామాను తనిఖీ చేస్తారు. బ్లేడు, బెల్టు, అద్దం, గాజు సీసా, పైజామా నాడా, బూట్ల లేసులు, కొన్ని చోట్ల ఫోను తీసి ఉంచుతారు. మెడలోని తావీజు దారాన్ని కూడా కత్తిరిస్తారు. ప్రాణం తీసుకునే ఆలోచనలో ఉన్నవారి చేతికి దారమూ ఆయుధమే కాబట్టి ఈ జాగ్రత్త అవసరమే. అయితే ఎందుకు తీస్తున్నారో ఒక్క మాట చెప్పకుండా తీసివేస్తే రోగికి అది ఖైదులా తోస్తుంది. ఒక సోదరి దుపట్టా తీసుకున్నారట. తల మీద కప్పుకోవడానికి ఏదైనా ఇవ్వమని ఆమె మూడుసార్లు అడిగింది. జబ్బు మనిషి మాట కదా అని ఎవరూ పట్టించుకోలేదు. చివరికి రాత్రి డ్యూటీకి వచ్చిన ఆయా ఒకామె, అడగకుండానే ఒక చిన్న తువ్వాలు తెచ్చి తలకు చుట్టింది. ఆ పది రోజుల్లో తనకు చేసిన చికిత్సలన్నింటిలో మొదట పనిచేసింది ఆ తువ్వాలే అని ఆ సోదరి నవ్వుతూ చెప్పింది.

కుటుంబాలు ముందే తెలుసుకోదగిన విషయం ఒకటుంది. పిన్నులు, పొడవైన కొసలు లేకుండా తలకు తొడుక్కునేలా కుట్టిన హిజాబులు బజారులో దొరుకుతున్నాయి. నాడాకు బదులు ఎలాస్టిక్ ఉన్న సల్వార్లు రెండు సర్దిపెట్టండి. చాలా వార్డుల్లో వీటికి అభ్యంతరం ఉండదు. ఆసుపత్రి దుస్తులే వేసుకోవాలని బలవంతపెట్టరాదని, సొంత దుస్తులు ధరించడానికి అనుమతించాలని, బలవంతంగా శిరోముండనం చేయరాదని చట్టంలో స్పష్టంగా ఉంది. స్త్రీలకు నెలసరి సమయంలో కావలసిన వస్తువులు అందుబాటులో ఉంచాలని కూడా ఉంది. మూడేళ్ళలోపు బిడ్డను తల్లి నుండి సాధారణంగా వేరుచేయరాదు. కాన్పు తరువాత తీవ్రమైన మనోవ్యాధికి గురయ్యే బాలింతల విషయంలో ఈ చివరి నిబంధన ఎంత విలువైనదో తల్లులకు వేరే చెప్పనక్కరలేదు. బిడ్డకు ప్రమాదమని వైద్యుడు భావిస్తే కొంతకాలం దూరంగా ఉంచవచ్చు. ఆ సందర్భంలో కూడా తల్లి దగ్గరకు బిడ్డను సిబ్బంది పర్యవేక్షణలో తీసుకురావాలి.

నిద్ర, ఆపై మొద్దుబారిన నాలుక

మొదటి రెండు మూడు రోజుల గురించి అడిగితే చాలామంది ‘నిద్రపోయాను’ అంటారు. వారాల తరబడి కన్ను మూయని మనిషికి ఆ నిద్ర అల్లాహ్ అనుగ్రహంలాగే అనిపిస్తుంది. చుట్టూ కొత్త ముఖాలు, ఎవరో పెద్దగా ఏడుస్తున్న శబ్దం, రాత్రంతా వెలిగే ట్యూబులైటు, వీటన్నిటి మధ్యలోనే ఆ నిద్ర పడుతుంది.

నిద్ర లేచిన తరువాత కొత్త ఇబ్బందులు మొదలవుతాయి. నాలుక మందంగా మారి మాట ముద్దగా వస్తుంది. చేతులు వణుకుతాయి. నోట్లో లాలాజలం ఊరుతుంది, లేదా పూర్తిగా ఎండిపోతుంది. కొందరికి మెడ కండరాలు ఒక పక్కకు బిగుసుకుపోతాయి. మరికొందరికి కాళ్ళలో చెప్పరాని అశాంతి పుట్టి, ఒక్క నిమిషం కూర్చోలేక వరండాలో అటూ ఇటూ నడుస్తూనే ఉంటారు. చూడటానికి వచ్చిన తల్లి, ‘నా బిడ్డ ఇలా లేడు, ఇక్కడే పాడు చేశారు’ అని గుండెలు బాదుకుంటుంది. ఇవి మందుల దుష్ప్రభావాలు. చాలావరకు మోతాదు తగ్గించడంతోనో, మందు మార్చడంతోనో, విరుగుడు మాత్రతోనో సర్దుకుంటాయి. అయితే అందుకు ఎవరో ఒకరు వైద్యునికి చెప్పాలి. రోగి చెబితే ‘సరే సరే’ అని వెళ్ళిపోయారని మాకు చాలామంది ఫిర్యాదు చేశారు. అప్పుడు పక్కనున్న బంధువు గొంతు విప్పాలి. మందు మాన్పించి ఇంటికి తీసుకుపోవడం మాత్రం మార్గం కాదు.

విద్యుత్ చికిత్స గురించి కూడా ఇక్కడే చెప్పడం మంచిది. ‘కరెంటు షాకు’ అనగానే హాహాకారాలు గుర్తుకు వస్తాయి. మత్తు మందు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా ఈ చికిత్స చేయడాన్ని చట్టం నిషేధించింది. రోగికి అప్పుడు నొప్పి తెలియదు. అన్నపానీయాలు మానేసి మృత్యుముఖంలోకి జారిపోతున్న తీవ్ర విషాద రోగులు కొందరు దీనివల్ల త్వరగా కోలుకుంటారు. దీనికి మూల్యమూ ఉంది. చికిత్స జరిగిన రోజుల చుట్టూ ఉన్న కొన్ని జ్ఞాపకాలు చెదిరిపోతాయి, కొన్ని తిరిగి రాకపోవచ్చు కూడా. ఈ మాట ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకున్నవారికి ఆ మరుపు భయంకరంగా తోచలేదు. చెప్పనివారు మాత్రం తమ బుర్రలోంచి ఎవరో ఏదో దొంగిలించారన్నంత బాధతో మాట్లాడారు.

పొద్దు గడవని పగళ్ళు

బయటివారు ఊహించే భయాలు వేరు, లోపలివారు చెప్పే కష్టాలు వేరు. తోటి రోగులు కొడతారేమో, కరుస్తారేమో అని మనం భయపడతాము. మేము మాట్లాడినవారిలో ఎక్కువమంది చెప్పిన కష్టం ఏమీ తోచకపోవడం. ఉదయం ఆరింటికి లేపుతారు. టీ, ఉప్మా, మాత్రల కోసం వరుస. మాత్ర మింగినట్టు నోరు తెరిచి చూపించాలి. ఆ తరువాత మధ్యాహ్న భోజనం దాకా గోడ గడియారం తప్ప చూడటానికి ఏమీ ఉండదు. కొన్ని ఆసుపత్రుల్లో అల్లికలు, కవర్ల తయారీ, తోటపని, క్యారమ్స్ బల్ల ఉంటాయి. కొన్నిచోట్ల అందని ఎత్తులో బిగించిన టీవీ ఒక్కటే ఉంటుంది. నాలుగు రోజులు నిద్రపోయి, అయిదో రోజుకు తెలివి తేటపడిన మనిషికి ఆ మధ్యాహ్నాలు గడవవు. ఒక ఉపాధ్యాయుడు ఆ తీరికలో వార్డులోని ఇద్దరు యువకులకు ఎక్కాలు నేర్పాడట. ‘వాళ్ళకు అవసరమని కాదు, నేను మాస్టారునని నాకు గుర్తుండటానికి’ అన్నాడు.

వైద్యుడు రౌండ్స్‌కు వచ్చే కొద్ది నిమిషాల కోసం రోగి రోజంతా ఎదురుచూస్తాడు. ఏమి చెప్పాలో వరుసగా పేర్చుకొని ఉంటాడు. వైద్యుడు వస్తాడు. పక్కనున్న బంధువును అడుగుతాడు: ‘ఎలా ఉన్నాడు? నిద్రపోతున్నాడా?’ బంధువు జవాబిస్తాడు. చీటీ మీద ఏదో వ్రాసి తరువాతి మంచానికి వెళ్ళిపోతాడు. రోగి పేర్చుకున్న మాటలు అలాగే ఉండిపోతాయి. మా దృష్టిలో ఈ మజిలీలోని అతి పెద్ద గాయం ఇది. తాళం, కిటికీ ఊచలు, పలుచని పప్పు, ఇవన్నీ ఓర్చుకోవచ్చు. తన ఎదుటే తన గురించి, తాను అక్కడ లేనట్టుగా మాట్లాడటాన్ని ఓర్చుకోవడం కష్టం. వైద్యులకు రోగుల తాకిడి ఎంత ఉంటుందో మాకు తెలుసు. కానీ దీన్ని సరిదిద్దడానికి డబ్బు అక్కరలేదు. తోడుగా ఉన్నవారు, ‘వాణ్ణే అడగండి డాక్టరుగారూ’ అంటే చాలు.

తోటి రోగుల సంగతి ఎవరూ ఊహించనిది. పక్క మంచం మీది మనిషిని చూసి మొదటి రోజు భయపడినవారు, మూడో రోజుకు వారితో బిస్కెట్లు పంచుకున్నారు. గొంతులు వినబడతాయన్న రహస్యాన్ని ఇంట్లో పదేళ్ళు దాచుకున్న ఒక యువతి, వార్డులో ఒక ముసలమ్మతో మొదటిసారి చెప్పింది. ‘నాకూ వినబడతాయి బిడ్డా, పాపం వాటికేం తెలుసు’ అన్నదట ఆ ముసలమ్మ. హిందువు, ముస్లిం, క్రైస్తవుడు అన్న లెక్కలు అక్కడ త్వరగా కరిగిపోతాయని కూడా పలువురు చెప్పారు.

వార్డులో నమాజు

నమాజు వదిలిపెట్టని ఇంటి నుండి వచ్చిన రోగికి మొదటి ప్రశ్న ఖిబ్లా ఎటు అన్నదే. కొందరికి జానమాజ్ దొరికింది, కొందరు దుప్పటి మడిచి పరుచుకున్నారు. కొందరు మందుల మత్తులో ఫజ్రుకు లేవలేక కుమిలిపోయారు. బుద్ధి స్థిమితంలో లేనివారిపై ధర్మ విధుల భారం లేదని, రోగికి వెసులుబాటు ఉందని మన పండితులందరూ అంగీకరించిన విషయమే. ఈ మాటను ఆ మంచం పక్కన కూర్చుని చెప్పగల ఇమాములు మస్జిదుకొక్కరున్నా ఎంతో మేలు జరుగుతుంది. ‘ఈమాన్ బలహీనపడింది కాబట్టే డిప్రెషన్’ అని చెప్పడానికి మాత్రం ఎవరూ ఆసుపత్రికి వెళ్ళవద్దని వేడుకుంటున్నాము.

భక్తిలా కనిపించే జబ్బు కూడా ఉంది. వుజూ చేసి, సరిగా తడిసిందో లేదోనన్న అనుమానంతో ఇరవైసార్లు, నలభైసార్లు చేసేవారు, తక్బీర్ సరిగా పలకలేదేమోనని నమాజును మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టేవారు మన మధ్య ఉన్నారు. వస్‌వసా అని మనవాళ్ళు చెప్పుకునే ఈ స్థితి చాలాసార్లు ఓసీడీ అనే వ్యాధి. దీనికి మందులు, మాటల చికిత్స రెండూ ఉన్నాయి. చేతులు పగిలి రక్తం కారేదాకా ఇంటివారు దాన్ని దైవభీతి అని మెచ్చుకుంటూ ఉండటం మేము చూశాము.

రంజాన్ నెలలో డిశ్చార్జి అయ్యేవారు ఒక విషయంలో అప్రమత్తంగా ఉండాలి. లిథియం అనే మందు వాడేవారు ఉపవాసముంటే ఒంట్లో నీరు తగ్గి, రక్తంలో ఆ మందు శాతం ప్రమాదకరంగా పెరగవచ్చు. తక్కిన మందుల వేళలు కూడా సహరీ, ఇఫ్తార్‌లకు ఇష్టం వచ్చినట్టు మార్చరాదు. ఉపవాసం ఉండవచ్చునో లేదో ముందు వైద్యుణ్ణి అడగండి.

మన పూర్వులు ఏమి చేశారు?

మనోరోగిని ఆసుపత్రిలో ఉంచడం పాశ్చాత్యుల పద్ధతి అని కొందరు పెద్దలు అంటుంటారు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన మన్సూరీ బీమారిస్తాన్‌లో ఇతర రోగులతో పాటు మనోరోగులకూ చోటుండేది. 1488లో ఎడిర్నేలో సుల్తాన్ రెండవ బాయజీద్ నిర్మించిన వైద్యశాలలో నీటి సవ్వడి, పూల పరిమళం, సంగీతం చికిత్సలో భాగంగా ఉండేవని యాత్రికులు వ్రాశారు. అక్కడ ఉద్రేకించిన రోగులకు సంకెళ్ళు వేయడమూ ఉండేది. గతాన్ని మరీ అందంగా చిత్రించుకోనక్కరలేదు. కానీ కైరో ఆసుపత్రి గురించి చరిత్రకారులు చెప్పే ఒక సంగతి మమ్మల్ని ఆకట్టుకుంది. నయమై వెళ్ళే రోగికి, వెంటనే పనికి పోవలసిన అవసరం రాకుండా, కొంత డబ్బు, బట్టలు ఇచ్చి పంపేవారట. చికిత్స గేటు దగ్గర ముగియదని వారికి తెలుసు.

మన దేశానికి సొంతమైన మరో పద్ధతి ఉంది. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేసి ఉంచారు. బంధువు పక్కన ఉంటే రోగి త్వరగా కుదుటపడటం, ఇంటివారికి జబ్బు గురించి భయం పోవడం, రెండూ అక్కడ కనిపించాయి. నేడు మన దేశంలోని చాలా ఆసుపత్రుల్లో తోడుగా ఒకరు ఉండటం మామూలైపోయింది. ఆ ఒకరు ఎవరన్నదే ప్రశ్న. భర్త జబ్బుపడితే భార్య తప్పక ఉంటుంది. భార్య జబ్బుపడితే తల్లి, లేదా చెల్లెలు వస్తుంది. భర్త ‘దుకాణం చూసుకోవాలి’ అని చెప్పి వెళ్ళిన సంగతి మేము ఒకటికి నాలుగు చోట్ల విన్నాము. సందర్శకుల సమయంలో తలుపు వైపే చూస్తూ కూర్చున్న ఆ స్త్రీల గురించి చెబుతూ, తోడుగా వెళ్ళిన ఒక పెద్దామె కళ్ళు తుడుచుకుంది.

తిరిగి వచ్చిన ఇల్లు

డిశ్చార్జి రోజు సంతోషంగా ఉంటుందని అనుకుంటాము. రోగికి అది భయంగా కూడా ఉంటుంది. లోపల తన జబ్బు అందరికీ తెలుసు, దాచవలసిన పని లేదు. బయట మళ్ళీ నటన మొదలు. 1950లలో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు ఒక వింత విషయాన్ని గమనించారు. ఆసుపత్రి నుండి వెళ్ళిన స్కిజోఫ్రెనియా రోగుల్లో తల్లిదండ్రుల వద్దకో భార్య వద్దకో చేరినవారికంటే, అద్దె గదుల్లోనో తోబుట్టువుల వద్దనో ఉన్నవారికి జబ్బు తక్కువగా తిరగబెట్టింది. కారణం వెతికితే ప్రేమ లేకపోవడం కాదని తేలింది. ఇంట్లో నిరంతరం వినిపించే తప్పులెన్నే మాట, విసుగు, అతి జాగ్రత్త పేరుతో ఊపిరాడనివ్వని కాపలా, ఇవి జబ్బును తిరిగి రప్పిస్తున్నాయి. ‘మాత్ర వేసుకున్నావా?’ అని రోజుకు ఆరుసార్లు అడిగే తల్లి, ‘నీవల్ల పరువు పోయింది’ అని ఒక్కసారి అనే అన్న, ఇద్దరూ ఈ లెక్కలోకి వస్తారు.

ఇంటికి వచ్చిన తొలి వారాలు, తొలి నెలలు ఆత్మహత్య ప్రమాదం ఎక్కువగా ఉండే కాలమని అనేక దేశాల పరిశోధనల్లో తేలింది. అందువల్ల మందులు ఒకరి అధీనంలో ఉంచడం, రెండు వారాలకు రమ్మని వ్రాసిన చీటీని తేదీ తప్పకుండా పాటించడం, బాగుందికదా అని మాత్రలు ఆపకపోవడం తప్పనిసరి. రాత్రివేళ ఆందోళన కలిగితే టెలి మానస్ సంఖ్య 14416కు ఫోను చేయవచ్చు. ఇది ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడతారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలని, అందుకు శిక్షించరాదని 2017 చట్టం చెబుతోంది. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకువెళ్ళడం ఆలస్యం చేయవద్దు.

పెళ్ళిళ్ళ ప్రస్తావన వచ్చినప్పుడు ఈ పది రోజులను ఏమి చేయాలన్నది మన ఇళ్ళలో తేలని ప్రశ్న. దాచి చేసిన నికాహ్‌లో అమ్మాయి మాత్రలు కూడా దాచుకొని వేసుకోవలసి వస్తుంది. కొన్నాళ్ళకు వేసుకోవడం మానేస్తుంది. జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు మోసం చేశారన్న నింద. ఊరంతా చాటనక్కరలేదు గానీ, ముడిపడబోయే ఇద్దరి మధ్య ఈ సంగతి దాచడం ఆ అమ్మాయికే అపాయమని మా అభిప్రాయం. తెలిసి చేసుకున్నవారు హాయిగా కాపురం చేస్తున్న ఇళ్ళు మాకు తెలుసు.

తువ్వాలు కథ చెప్పిన సోదరి ఇంటికి వచ్చిన మూడో వారంలో, ఆమె ఫుప్పూ ఊరి నుండి వచ్చింది. అందరూ వాతావరణం గురించి, మామిడికాయల ధర గురించి మాట్లాడుతుంటే ఫుప్పూ మాత్రం ఆమె పక్కన కూర్చుని, “అక్కడ అన్నం ఎలా పెట్టేవాళ్ళు బేటీ?” అని అడిగింది. గదిలో అందరూ ఒక్కసారిగా మౌనమైపోయారు. పప్పు పలుచగా ఉండేదని, వారానికి రెండుసార్లు గుడ్డు ఇచ్చేవారని, పక్క మంచం ఆవిడ తన గుడ్డు తనకే పెట్టేదని ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అసర్ నమాజు వేళ దాకా చెబుతూనే ఉందట.